టీడ్యుస్కంగ్ కోపం అర్థం కావాలంటే మ్యాప్ మీద ఈ గీతలు గీయండి

న్యూజెర్సీలో, తూర్పు పెన్సిల్వేనియాలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లున్న నేల ఒకప్పుడు లెనాపే (డెలావేర్ అని కూడా అంటారు) అనే అమెరికా ఆదివాసీ ప్రజలది, టీడ్యుస్కంగ్ వాళ్ల నాయకుడు. అది ఎలా చేతులు మారిందో పిల్లలకు చెప్పాలంటే డెలావేర్ నది కనిపించే మ్యాప్ ఒకటి ప్రింట్ తీసుకుని, స్కేలు, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి.

ముందు పెన్సిల్వేనియాలోని రైట్స్‌టౌన్ దగ్గర చుక్క పెట్టండి, నడక మొదలైంది అక్కడే. ఒక మనిషి ఒకటిన్నర రోజులో ఎంత దూరం నడవగలడో అంతవరకు భూమి ఇస్తామని 1686లో లెనాపే పెద్దలు ఒప్పుకున్నారంటూ, పెన్సిల్వేనియా వలస రాజ్యాన్ని స్థాపించిన విలియం పెన్ కొడుకులు ఒక పాత పత్రం నకలు బయటికి తీశారు. 1737 ఆగస్టులో నుటిమస్, లపోవిన్సో సహా నలుగురు పెద్దల చేత దాన్ని ఖాయం చేయించుకున్నారు.

రెండో చుక్క జిమ్ థోర్ప్ ఊరి దగ్గర. సెప్టెంబరు 19న ముగ్గురిని కూలికి పెట్టి, ముందే దారి చదును చేయించి నడిపించారు. ఇద్దరు మధ్యలోనే ఆగిపోయారు, ఎడ్వర్డ్ మార్షల్ ఒక్కడే దాదాపు 65 మైళ్లు వెళ్లి ఆ ఊరి దగ్గరికి చేరాడు. ఈ వేగమే మోసం అనుకుని చాలామంది ఇక్కడితో కథ ఆపేస్తారు, మీరు మాత్రం ఆపొద్దు.

ఎందుకంటే అసలు దెబ్బ తర్వాతి గీతలో ఉంది. జిమ్ థోర్ప్ నుంచి తిన్నగా తూర్పుకి గీస్తే డెలావేర్ వాటర్ గ్యాప్ అనే కనుమ చుట్టుపక్కల నది తగులుతుంది. ఆ గీత పెన్సిల్‌తో గీయండి. పెన్ మనుషులు అలా గీయలేదు, నడిచిన దారికి లంబంగా ఈశాన్యం వైపు తిప్పి, నదికి ఇంకా ఎగువనున్న లాకవాక్సెన్ దాకా లాగారు. అది ఎర్ర ఇంకుతో గీసి, రెండు గీతల మధ్య ఎంత నేల అదనంగా పోయిందో పిల్లల చేతే రంగు వేయించండి. మొత్తం మీద దాదాపు 12 లక్షల ఎకరాలు పోయాయి, గట్టు జరిపితేనే తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరిగే మనకు ఆ బాధ వేరేగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈస్టన్‌ని గుర్తించండి. 1756లో అక్కడి చర్చల్లో టీడ్యుస్కంగ్ పెన్సిల్వేనియా గవర్నర్ ఎదుటే నిలబడి, తన కాళ్ల కింద ఉన్న ఈ నేలే తనదని, మోసంతో లాక్కున్నారని చెప్పాడు. మరుసటి ఏడాది ఆయన చేసిన పని నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది: మీ గుమాస్తా రాసింది చాలదు, నా తరఫున రాసుకునే మనిషి కావాలని పట్టుబట్టి క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల బడిలో పాఠాలు చెప్పే చార్లెస్ థామ్సన్‌ని పెట్టించుకున్నాడు. కాగితంతోనే భూమి పోయిందని ఆయనకు బాగా తెలుసు. 1763 ఏప్రిల్‌లో ఇంటికి నిప్పంటుకుని, అందులోనే చనిపోయాడు.

చివరగా ఓక్లహోమా మ్యాప్ తీసి అనడార్కో, బార్టల్స్‌విల్ చూపించండి, లెనాపే వారసుల రెండు తెగల ప్రభుత్వాలు ఇప్పుడు ఉన్నది అక్కడే. అనడార్కోలోని డెలావేర్ నేషన్ 2004లో ఈ భూమిలో కొంత భాగం కోసం కేసు వేస్తే, మోసం జరిగిందనుకున్నా ఇప్పుడు హక్కు రాదని కోర్టులు కొట్టేశాయి.