సైకస్ ఆకులు పాలిపోతున్నాయా? ముందు ఏ ఆకులో చూడండి

తోటల్లో అందానికి పెంచే సైకస్ మొక్క పసుపు రంగుకు తిరగగానే చాలామంది గుప్పెడు యూరియా చల్లి రెండు బకెట్ల నీళ్లు పోస్తారు. కొన్ని నెలలకు మొక్క మరింత దిగజారుతుంది. పాలిపోవడం ఒక జబ్బు కాదు, అనేక జబ్బులకు బయటికి కనిపించే ఒకే రూపం. కాబట్టి మందు కొనేముందు మొక్క దగ్గర కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి: రంగు మారింది మొవ్వు దగ్గరి కొత్త మట్టల్లోనా, కింది వరుస పాత మట్టల్లోనా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సాగో పామ్ అని పిలుస్తున్నా ఇది తాటి, ఈత చెట్ల బంధువు కాదు. పువ్వు పూయకుండానే విత్తనం ఇచ్చే వివృతబీజాల తెగ. కొబ్బరిలా ఒక్కొక్క మట్ట వేయదు. నెలల తరబడి కదలకుండా ఉండి, ఒక్కసారిగా కిరీటంలా కొత్త మట్టలు విప్పుతుంది. మన తోటల్లో ఎక్కువగా కనిపించే జపాన్ జాతి సైకస్ రెవొల్యూటా చాలాచోట్ల ఏడాదికి ఒక విడత వేస్తుంది. కంకి వేసిన ఏడాది, కుండీ మార్చిన ఏడాది ఆ విడత తప్పిపోవచ్చు కూడా. పాత మట్టలు పచ్చగా, బోదె గట్టిగా ఉంటే ఎదుగుదల లేదని కంగారు పడనవసరం లేదు.

కొత్త మట్టలు పసుపుగా, చిన్నగా, కాలినట్లు ముడుచుకుని వస్తున్నాయి

ఇది మాంగనీసు లోపం. చిట్టాకులు పొట్టిగా, వంకరగా వస్తాయి. చివర్లు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతాయి. కింది మట్టలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. పట్టించుకోకపోతే ప్రతి విడతా ముందుదానికన్నా చిన్నదై, చివరికి మొవ్వే చచ్చిపోతుంది.

మట్టిలో మాంగనీసు లేకపోవడం కన్నా, ఉన్నది వేరుకు అందకపోవడమే తరచుగా అసలు కారణం. సున్నం ఎక్కువైన క్షార నేలల్లో అది వేరు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. కొత్తగా కట్టిన ఇళ్ల ముందు ఈ లోపం కనిపిస్తే నేను మొదట సిమెంటు ముక్కల కోసమే తవ్వి చూస్తాను. గోడ పక్కన పూడ్చేసిన శిథిలాల్లోని సున్నం ఏళ్ల తరబడి మట్టిలోకి దిగుతూనే ఉంటుంది. సున్నపు గులకలున్న నల్లరేగడి, కుండీ అంచున తెల్లటి పొర కట్టించే బోరు నీళ్లు కూడా అదే పని చేస్తాయి. చెంచాడు పొడి మట్టి మీద వెనిగర్ పోసి చూడండి. బుసబుస పొంగితే సున్నం బాగా ఉన్నట్టే. పొంగకపోతే లేదని అర్థం కాదు, అప్పుడు భూసార పరీక్ష చేయించుకోవడం మేలు.

పరిష్కారం మాంగనీస్ సల్ఫేట్. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎరువుల దుకాణంలో సులభంగా దొరికేది మెగ్నీషియం సల్ఫేట్. పేర్లు దగ్గరగా ఉంటాయి, పని పూర్తిగా వేరు. నేను ఒకసారి సంచీ మీద పేరు సరిగా చదవకుండా తెచ్చి వేసి, ఒక విడత మట్టలు మొత్తం పోగొట్టుకున్నాను. పేరు అక్షరం అక్షరం చదివి తీసుకోండి. లీటరు నీటికి 2 నుంచి 3 గ్రాములు కలిపి, కొత్త మట్టలు విప్పుకుంటున్నప్పుడు పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు సాయంత్రం పిచికారీ చేయాలి. మోకాలెత్తు మొక్క నేలలో ఉంటే 50 గ్రాముల వరకు బోదెకు తగలకుండా చుట్టూ చల్లి తడపండి. కుండీకి ఒక చెంచా చాలు. కుండీ మట్టే సున్నపుదైతే మందులతో కాలయాపన చేయకుండా మట్టి మార్చేయడమే మంచిది.

ముడుచుకుపోయిన మట్ట మళ్లీ సాఫీగా విప్పుకోదు. మీరు వేసే మందు రాబోయే విడత కోసం. నెలకే గుణం కనిపించలేదని మోతాదు పెంచేవారే మొక్కను ఎక్కువగా చంపుతున్నారు.

కొత్త మట్టలు పసుపుగా ఉన్నాయి, కానీ ఆకారం బాగానే ఉంది

ఇనుము లోపం కావచ్చు. కారణం ఇక్కడా క్షార నేలే, లేదా వేళ్లకు గాలి ఆడనంతగా నీరు నిలవడం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయవచ్చు. నీరు నిలవడమే కారణమైతే ముందు దాన్ని సరిచేయండి, లేకపోతే పిచికారీ వృథా.

కింది మట్టలే పసుపుబారుతున్నాయి

మొక్క తన దగ్గరున్న పోషకాన్ని పాత ఆకుల నుంచి లాగి కొత్తవాటికి పంపుకుంటోందని అర్థం. అంచులు పసుపుబారి, ఆకు ఈనె మొదలు దగ్గర ఆకుపచ్చ మిగిలితే మెగ్నీషియం తగ్గింది. ఇక్కడ పనికొచ్చేది మెగ్నీషియం సల్ఫేటే. చివర్ల నుంచి ఎండుతూ వస్తే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. మట్ట అంతా సమానంగా లేత పసుపైతే నత్రజని కొరత. దానికి యూరియా కన్నా బాగా చివికిన పశువుల ఎరువు నయం. ఏడాదికి ఒకటి రెండు మట్టలు మాత్రమే రాలితే అది వయసు, లోపం కాదు. మరో మాట: సగం పచ్చగా ఉన్న పాత మట్టలను అందం కోసం నరకకండి. మొక్క ఇంకా వాటినుంచే తింటోంది.

మొక్క మొత్తం వాడి, పాలిపోయింది

బోదెను వేలితో గట్టిగా నొక్కండి. రాయిలా ఉండాలి. మెత్తగా దిగబడితే కుళ్లు మొదలైంది. నర్సరీ నుంచి బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను అలాగే కుండీలో దించి రోజూ నీళ్లు పోసినచోట ఇది సాధారణం.

తిరుమల శేషాచలం కొండల్లో పుట్టిన మన సొంత సైకస్ ఒకటుంది, పేరిత. శాస్త్రీయంగా సైకస్ బెడ్డోమై. రాతి వాలుల మీద, ఎండలో, అడవి మంటలు తగిలినా తిరిగి చిగురిస్తుంది. అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో చేర్చిన అరుదైన మొక్క అది, అడవి నుంచి తవ్వి తేవడం తగదు. కానీ అది బతికే చోటు చూస్తే ఈ జాతికి నీటి నిల్వ ఎంత పడదో అర్థమవుతుంది.

కుళ్లిన మొక్కను పెకలించి, మెత్తబడిన భాగాన్ని గట్టి తెల్లని కండ కనిపించేదాకా శుభ్రమైన కత్తితో కోయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూసి, నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, సగానికి సగం ఇసుక కలిపిన మట్టిలో నాటండి. మొవ్వు చేతిలోకి ఊడివస్తే ఆశ తక్కువ. వేళ్ల దగ్గర పగడపు కొమ్మల్లాంటి గుబుర్లు కనిపిస్తే తెగులనుకుని కోయవద్దు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే నాచు లాంటి సూక్ష్మజీవులు వాటిలోనే ఉంటాయి.

ఆకుల మీద పసుపు చుక్కలు, అడుగున తెల్లటి పొర

సున్నం చల్లినట్లు కనిపించే ఆ పొర పొలుసు పురుగులు. సైకస్‌నే ప్రత్యేకంగా పట్టే ఆసియా జాతి ఒకటి 1996లో అమెరికాలోని ఫ్లోరిడాలో, 2003లో గ్వామ్ దీవిలో బయటపడింది. గ్వామ్‌లో అడవి సైకస్‌లను పెద్ద సంఖ్యలో చంపేసింది. తేలికగా తీసుకోకండి.

బాగా పట్టిన మట్టలను కోసి సంచీలో మూటకట్టి పారేయండి. మిగిలినవాటి అడుగు భాగాన్ని నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి తడిసేలా కొట్టండి. పది రోజులకోసారి, కనీసం నాలుగుసార్లు. ఈ పురుగు వేళ్ల మీదా దాక్కుంటుంది కనుక మొదలు దగ్గరా పోయాలి. చచ్చిన పొలుసులు నెలల తరబడి ఊడవు. గోటితో నలిపి చూడండి, తడి తగలకపోతే చచ్చినట్టే.

లేత మట్టలు గీకినట్లు తెల్లబడి, తర్వాత మోడుగా మిగిలాయి

ఇది చిన్న నీలి సీతాకోకచిలుక గొంగళి పని. దాని శాస్త్రీయ నామంలో పాండవ అనే మాట ఉంది. విప్పుకోని లేత చిగురు మీదే గుడ్లు పెడుతుంది. ముదిరిన ఆకును పురుగు తినలేదు. అందుకే మొవ్వు ఉబ్బగానే దోమతెర గుడ్డ కప్పి, మట్టలు గట్టిపడ్డాక తీసేయండి. చిగురు మీద చీమలు తిరుగుతుంటే దగ్గరగా చూడండి, గొంగళ్ల ఒంటి తీపి ద్రవం కోసం అవి కాపలా కాస్తుంటాయి.

కోసిన మట్టలు, గింజలు కుక్కలకు, పశువులకు అందకుండా పారేయాలి. ఈ మొక్క ప్రతి భాగమూ విషమే, గింజ మరీ ప్రమాదం.