అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ లేవకపోతే: ఫార్మాట్ కొట్టించే ముందు

బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటూ ఎంటెక్ చదువుతున్న మా దూరపు బంధువుల అబ్బాయి పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం ఫోన్ చేసి, "బాబాయ్, ల్యాప్‌టాప్ బాగైపోయింది గానీ నా ఫైళ్లు ఒక్కటీ కనిపించడం లేదు, ఎక్కడికి పోయి ఉంటాయి?" అని అడిగాడు. బుధవారం ఉదయం అప్‌డేట్ పడి రీస్టార్ట్ అయ్యాక నీలిరంగు తెర వచ్చి, 48 అంకెల సంఖ్య ఏదో అడిగిందట. రెండు రోజులు అటూ ఇటూ నొక్కి చూసి, స్నేహితుడి మాట మీద దగ్గరలోని దుకాణానికి తీసుకువెళితే, అక్కడి మనిషి గంటలో విండోస్ కొత్తగా ఎక్కించి, 800 రూపాయలు తీసుకుని చేతిలో పెట్టాడట. డేటా కావాలా అని దుకాణంలో అడగలేదా అంటే, అడిగారని, ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి సీ డ్రైవ్ పోయినా ఫరవాలేదని తానే చెప్పానని అన్నాడు.

ఆ ల్యాప్‌టాప్ నిజానికి వాళ్ల అక్కది. ఆమె బీటెక్‌లో ఉండగా కొన్నప్పుడు మొదటిసారి ఆమె మెయిల్ ఐడీతోనే లాగిన్ అయ్యారు. ఆ రాత్రి ఆమెకు ఫోన్ చేసి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరవమని చెబితే, ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగా ఆ 48 అంకెలూ అక్కడే ఉన్నాయి. వెతకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డిస్కు మొత్తం చెరిపేయడంతో ఏడాదిన్నర ప్రాజెక్టు పని మాత్రం అప్పటికే పోయింది.

బెంగళూరు ఆఫీసుల్లో చాలాకాలంగా ఐటీ సపోర్టు పని చేస్తున్న నాకు అప్‌డేట్ వల్ల ల్యాప్‌టాప్ శాశ్వతంగా పాడైన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే కనిపించాయి. అప్‌డేట్ తర్వాత తొందరపడి ఫార్మాట్ కొట్టించుకుని నష్టపోయినవారు మాత్రం చాలామంది. బ్యాకప్ తీసుకోవాలని అందరికీ తెలుసు, తెలిసీ తీసుకోరు, కాబట్టి ఆ ఉపన్యాసం ఇక్కడ చేయను. చెప్పదలచింది ఒక్కటే: డిస్కు తాళం తీసే ఆ 48 అంకెల రికవరీ కీ ఎక్కడ ఉందో తేలేవరకు ఫార్మాట్ మాట ఎత్తకండి, ఎవరినీ ఎత్తనివ్వకండి.

అప్‌డేట్‌కు ముందు

విండోస్‌లో డిస్కును తాళం వేసి ఉంచే ఏర్పాటు పేరు బిట్‌లాకర్. హోమ్ ఎడిషన్‌లో ఇదే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అనే పేరుతో ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది మనల్ని అడగకుండానే ఆన్ అవుతుంది, విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇది మరిన్ని యంత్రాలకు వ్యాపించింది. సీ డ్రైవ్‌తో పాటు డీ డ్రైవ్‌కు కూడా తాళం పడుతుంది, అందువల్ల డీ డ్రైవ్‌లో ఉన్నవి భద్రం అన్న పాత నమ్మకాన్ని ఇక మరచిపోవాలి. మామూలు రోజుల్లో టీపీఎం అనే చిప్ ఆ తాళాన్ని తానే తీస్తుంది కాబట్టి తాళం ఉన్న సంగతే మనకు తెలియదు. బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) మారినా, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే ఏర్పాటు) అమరికలు మారినా, బూట్ అయ్యే క్రమంలో తేడా కనిపించినా టీపీఎం తాళం తీయడానికి నిరాకరిస్తుంది, అప్పుడు విండోస్ మనల్ని రికవరీ కీ అడుగుతుంది. అంటే ఆ నీలితెర ల్యాప్‌టాప్ చెడిపోయిందని చెప్పడం లేదు, యజమాని ఎవరో రుజువు చేసుకోమని అడుగుతోంది.

ఇది అరుదుగా జరిగేదని కొట్టిపారేయడానికి లేదు. 2024 జూలై నెల విండోస్ అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు రికవరీ కీ అడగడం మొదలుపెడితే ఆగస్టు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ దాన్ని సరిచేసింది. 2025 మేలో కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లున్న విండోస్ 10 యంత్రాలకు అదే పరిస్థితి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బూట్ కాకుండా ఆగినప్పుడు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయే పనికి, తాళం వేసిన కంప్యూటర్లలో ముందుగా ఈ కీ కావలసి వచ్చింది. ఇక సెక్యూర్ బూట్ వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు ముగింపు 2026 జూన్ నుంచే. గడువు దాటినంత మాత్రాన ల్యాప్‌టాప్ ఆగిపోదు గానీ, కొత్త సర్టిఫికెట్ల కోసం విండోస్ అప్‌డేట్లూ బయోస్ అప్‌డేట్లూ కలిసి వస్తాయి, బిట్‌లాకర్‌కు అనుమానం కలిగేది సరిగ్గా ఆ స్థాయిలో జరిగే మార్పులకే.

కాబట్టి ఈ రోజే, ల్యాప్‌టాప్ చక్కగా నడుస్తుండగానే, మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లో డివైసెస్ విభాగానికి వెళ్లి బిట్‌లాకర్ రికవరీ కీల పేజీ తెరవండి. అక్కడ ఒకటి కంటే ఎక్కువ కీలు ఉండవచ్చు, ప్రతిదానికీ పక్కన కీ ఐడీ ఉంటుంది. నీలితెర మీద కనిపించే ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు దేనితో కలుస్తాయో అదే మీ కీ. పేజీ ఖాళీగా ఉంటే తాళం లేదని సంబరపడకుండా, మొదటిసారి ఆన్ చేసిన రోజు ఎవరి మెయిల్ ఐడీ వాడారో గుర్తుచేసుకోండి. అక్కదా, పాత కాలేజీదా, ఇప్పుడు వాడని మెయిలా, లేక కొన్నచోట సెట్ చేసి ఇచ్చిన కుర్రాడు తన ఐడీతోనే లాగిన్ అయ్యాడా? ఆఖరిది హాస్యానికి అనడం లేదు, నేనే రెండుసార్లు చూశాను. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ మీ ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. దొరికిన కీని కాగితం మీద రాసుకుని పర్సులో కాక ఇంట్లో పెట్టండి. అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న పెద్దమనుషులూ ఉన్నారు.

బయోస్ అప్‌డేట్‌కు ముందు ప్రో ఎడిషన్‌లో కంట్రోల్ ప్యానెల్ నుంచి బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేసుకోవచ్చు, అంటే తాత్కాలికంగా ఆపుకోవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ బటన్ ఉండదు, అందువల్ల కాగితం చేతిలో ఉంచుకోవడం సులువైన మార్గం.

మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు అమెరికాలో నెలలో రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకు అప్పటికి రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అందుకే ఇక్కడి ల్యాప్‌టాప్‌లకు గండం సాధారణంగా బుధవారం ఉదయం, సరిగ్గా ఆఫీసుకు బయలుదేరే వేళకు వస్తుంది. 'అప్‌డేటింగ్ 30 శాతం' అని ఉండగానే మూత మూసి, సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కేవారిని నెల నెలా చూస్తుంటాను. సెట్టింగ్స్‌లో అప్‌డేట్లను ఒక వారం ఆపి, తర్వాతి ఆదివారం తీరిగ్గా చేసుకోవచ్చు. అలాగని నెలల తరబడి ఆపి ఉంచకండి.

కరెంటు గురించి ఒక్క మాట. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వాన మొదలైతే బెంగళూరులో కరెంటు పోవడం మామూలే, అపార్ట్‌మెంటులో జనరేటర్ ఉంది కదా అని ధీమాగా ఉంటాము. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొద్ది సెకన్లలో, బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడుస్తున్న పాత ల్యాప్‌టాప్ ఆగిపోతుంది. ఆ క్షణంలో బయోస్ రాసుకుంటూ ఉంటే అది మళ్లీ లేవడం కష్టమవుతుంది.

లేవనప్పుడు, ఎక్కడ ఆగిందో చూడండి

'ఆన్ కావడం లేదు' అన్న మాటతో ఎవరూ ఏమీ తేల్చలేరు. కంపెనీ లోగో కూడా రాకుండా నల్లతెర మాత్రమే ఉండి, ఫ్యాన్ తిరుగుతోందా? బయోస్ అప్‌డేట్ తర్వాత ఇలా కొన్ని నిమిషాలు ఉండటం సహజం, మధ్యలో రెండు మూడుసార్లు తానే ఆగి తానే లేస్తుంది, ఫ్యాన్ పెద్ద శబ్దంతో తిరుగుతుంది. చార్జర్ పెట్టి అరగంట ముట్టుకోకండి. అప్పటికీ కదలిక లేకపోతే చార్జర్ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ చార్జర్ పెట్టి చూడండి. బయోస్ సగంలో ఆగిందనిపిస్తే డెల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కంట్రోల్, ఎస్కేప్ కీలు నొక్కి పట్టుకుని చార్జర్ పెడితే, హెచ్‌పీలో చాలావాటికి విండోస్ కీ, బీ కీ పట్టుకుని రెండు మూడు సెకన్లు పవర్ నొక్కితే బయోస్ రికవరీ మొదలవుతుంది. లైటు మిణుకుమంటుంటే ఎన్నిసార్లు, ఏ రంగులో అన్నది ఫోన్‌లో వీడియో తీయండి, ఆ లెక్కలోనే జబ్బు పేరు ఉంటుంది.

లోగో వచ్చి ఆ తర్వాత 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అన్న నీలితెర వస్తే, బయోస్ అప్‌డేట్ వల్ల డిస్కు అమరిక మారిపోయిందేమో ముందుగా చూడాలి. బయోస్ తెరలో, డిస్కును నడిపే పద్ధతుల పేర్లయిన రెయిడ్ లేదా వీఎండీ ఉన్నచోట ఏహెచ్‌సీఐ అయి ఉంటే తిరిగి మార్చగానే విండోస్ లేస్తుంది. దీన్ని డిస్కు పోయిందనుకుని కొత్త ఎస్ఎస్‌డీ కొన్నవారిని ఎరుగుదును.

గుండ్రంగా తిరిగే చుక్కల దగ్గరే ఆగితే కనీసం రెండు గంటలు వేచి చూడండి, పాత హార్డ్ డిస్కు ఉంటే ఇంకా ఎక్కువ. వరుసగా రెండు మూడుసార్లు బూట్ విఫలమైతే విండోస్ తానే రికవరీ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వరుసలో వెళ్లి, చివరగా వచ్చిన క్వాలిటీ అప్‌డేట్‌ను (నెలవారీ అప్‌డేట్‌కు ఆ తెర మీద పేరు ఇదే) తీసివేయండి. నా అనుభవంలో ఎక్కువ ల్యాప్‌టాప్‌లు ఈ ఒక్క మెట్టుతోనే లేచాయి. ఫైళ్లను ముట్టుకోని మార్గం ఇది, ఫార్మాట్ కంటే ముందే ఉంది, అయినా ఎవరూ దీని దాకా రారు.

లాగిన్ అయ్యాక తెర నల్లగా ఉండి, మౌస్ బాణం మాత్రం కనిపిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కీలు కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. విండోస్‌తో పాటు ఉబుంటు (లినక్స్) కూడా పెట్టుకున్నవారు, అది లేవకపోతే, ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి పాత కెర్నల్ (ఉబుంటు మూలభాగం) ఎంచుకుని చూడాలి.

ఇక మిగిలినవి, తోచిన వరుసలో

కీ అడిగే తెర మీద 'స్కిప్ దిస్ డ్రైవ్' నొక్కకండి. నొక్కితే తాళం అలాగే ఉంటుంది, ఆ డ్రైవ్ లోపల మరమ్మతు చేయాలంటే మళ్లీ కీ కావలసిందే.

'రిసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' అన్నదీ ఫార్మాటే. పేరు మర్యాదగా ఉంది, అంతే.

బయోస్‌లో టీపీఎం క్లియర్ చేయమని తెర అడిగితే ఒప్పుకోకండి. కీ లేకుండా టీపీఎం చెరిపితే మిగిలిన ఒక్క దారీ మూసుకుపోతుంది.

రికవరీ తెరలో బయటి కీబోర్డు, మౌస్ పనిచేయకపోతే ల్యాప్‌టాప్ పాడైందని తీర్మానించకండి. 2025 అక్టోబర్ అప్‌డేట్ వల్ల ఆ తెరలో యూఎస్‌బీ కీబోర్డులు పనిచేయకుండా పోతే, మైక్రోసాఫ్ట్ వారం లోపే మరో అప్‌డేట్ ఇవ్వవలసి వచ్చింది.

ఫార్మాట్ అయ్యాక డేటా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తీస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. ఎస్ఎస్‌డీలో చెరిపిన చోటును ట్రిమ్ అనే ప్రక్రియ ఖాళీ చేసేస్తుంది, పైగా ఉన్నది తాళం వేసిన డేటా. ఆ తర్వాత 48 అంకెలు దొరికినా వాటితో తెరవడానికి ఏమీ మిగలదు.

కీ దొరికితే ముందు డేటా తీయండి, మరమ్మతు తర్వాత. బెంగళూరు ఎస్పీ రోడ్డులోని కంప్యూటర్ దుకాణాల్లో ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్ (ఎస్ఎస్‌డీని పెట్టి యూఎస్‌బీతో తగిలించే డబ్బా) కొని, ఎస్ఎస్‌డీ విప్పి అందులో పెట్టి, వేరే విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే కీ అడుగుతుంది, ఇస్తే ఫైళ్లు తెరుచుకుంటాయి. విప్పడం రాకపోతే ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి నడిపి కూడా అదే కీతో కాపీ చేసుకోవచ్చు.

ఎన్‌క్లోజర్ కొనేముందు మీ ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకమా సాటా రకమా చూసుకోండి.

కీ ఇంకా దొరకకపోతే ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టండి. పాత మెయిల్ ఐడీల పాస్‌వర్డ్‌లు తిరిగి తెచ్చుకోవడానికి వారం పట్టినా సరే, అంతవరకు వేరే ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకోండి. మూసి ఉన్న డిస్కులో డేటా ఎక్కడికీ పోదు.

ఫార్మాట్ కొడితే పోతుంది.

సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలంటే ఒప్పుకునే ముందే కీ సిద్ధంగా ఉంచుకోండి. టీపీఎం ఆ బోర్డుతోనే పోతుంది, కొత్త బోర్డు మొదటిసారే కీ అడుగుతుంది.

ల్యాప్‌టాప్ ఎవరికి ఇచ్చినా జాబ్ కార్డు మీద 'డేటా ముఖ్యం, ఫార్మాట్ చేయరాదు' అని రాయించి, ఫొటో తీసుకోండి. నోటి మాటగా చెప్పి రాకండి. కౌంటర్ దగ్గర తీసుకునేవారు ఒకరు, లోపల విప్పేవారు మరొకరు.

'సార్, ఫార్మాట్ తప్ప దారి లేదు' అంటే ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చుకోండి. పరీక్షకు ఇచ్చిన రెండు మూడు వందలు పోనివ్వండి.

డేటా చేతికి వచ్చాక విండోస్ కొత్తగా ఎక్కించుకుంటే ఎక్కించుకోండి. ఎక్కించిన ప్రతిసారీ రికవరీ కీ మారుతుంది కాబట్టి, పాత కాగితం చింపేసి, కొత్త కీని దాని ఐడీతో సహా రాసుకోండి.