లక్షలు పోసిన టర్న్‌టేబుల్ సరిగ్గా పాడటం లేదా? అమ్మేసే ముందు ఇవి చూడండి

చెన్నైలో మా రికార్డుల స్నేహితుల్లో ఎవరు కొత్త టర్న్‌టేబుల్ కొన్నా, ఆ ఆదివారం సాయంత్రం అందరం వాళ్లింట్లోనే ఉంటాం. రెండు రికార్డులు విన్నాక తలా ఒక మాట చెబుతాం. "సౌండ్ వార్మ్‌గా ఉంది", "పై స్థాయిలో కాస్త గీసుకుంటోంది", "బాస్ ఎక్కువే". ఖరీదైన వస్తువు కాబట్టి అది దాని గుణమే అనుకుని ఊరుకుంటాం. నేను దగ్గరుండి చూసినవాటిలో చాలావరకు అది టేబుల్ గుణం కాదు, బిగించడంలో జరిగిన పొరపాటు. అది తెలియక మంచి టేబుల్ అమ్ముకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గొంతు బరువుగా ఉంది, పాట ఈడుస్తోంది

మా బావగారు న్యూజెర్సీ నుంచి వచ్చేస్తూ అక్కడ ఏళ్ల తరబడి వాడిన బెల్ట్ డ్రైవ్ (మోటారు రబ్బరు బెల్టుతో తిప్పే) టేబుల్ తెచ్చుకున్నారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఘంటసాల రికార్డు వేశారు. మేమంతా "ఆహా, ఎంత గంభీరంగా ఉంది!" అన్నాం. అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి ఒక నిమిషం నిలబడి విని, "మాస్టారి గొంతు ఇది కాదు నాయనా" అన్నారు. ఆవిడదే నిజం.

కారణం కరెంటు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకు 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు. ఇంటి కరెంటు మీద నేరుగా నడిచే సింక్రనస్ మోటారు ఆ ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది. అందుకే నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు సుమారు 27.8 దగ్గర ఆగిపోతుంది. 3 నిమిషాల పాటకు 3 నిమిషాల 36 సెకన్లు పడుతుంది. ఐదు శ్రుతిలో పాడింది ఇంచుమించు మూడు శ్రుతిలో వినిపిస్తుంది.

దీన్ని తేల్చడానికి పరికరాలేవీ అక్కర్లేదు. ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు ఆడుతుండగా ఫోన్‌లో 3 నిమిషాలు టైమర్ పెట్టి చుట్లు లెక్కపెట్టండి. సరిగ్గా 100 రావాలి. మేం లెక్కపెడితే 83 వచ్చాయి. స్ట్రోబ్ డిస్క్ (వేగం సరిచూసే గీతల బిళ్ల) ఉంటే 50 హెర్ట్జ్‌కు గీసిన 180 గీతల వరస కదలకుండా నిలిచినట్టు కనిపించాలి. ఎల్ఈడీ బల్బు కింద అది తేలకపోవచ్చు, పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు కింద బాగా కనిపిస్తుంది.

పరిష్కారం 50 హెర్ట్జ్ పుల్లీ, అంటే మోటారు మీద బెల్ట్ తిరిగే చిన్న చక్రం. అది దొరక్కపోతే ఫ్రీక్వెన్సీని తనే తయారుచేసి ఇచ్చే స్పీడ్ కంట్రోలర్. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌లకు (బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పుతూ, వేగాన్ని లోపలి క్వార్ట్జ్ స్ఫటికంతో నిలుపుకునేవాటికి) ఈ బాధ లేదు, వోల్టేజీ సరిపోతే చాలు. ఇక్కడే కొన్న టేబుల్ నెమ్మదిస్తే మాత్రం ముందు బెల్ట్ సాగిందేమో చూడండి.

స, శ అక్షరాలు గీసుకుంటున్నాయి, చివరి పాటలో మరీ

ముందు నీడిల్ కొనను భూతద్దంలో చూడండి. కంటికి శుభ్రంగా కనిపించిన కొన మీద దూదిపింజంత దుమ్ము చుట్టుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి. పక్కకు లాగితే కొనను పట్టుకున్న సన్నటి కడ్డీ వంగిపోతుంది.

తర్వాత బరువు. రికార్డు అరిగిపోతుందేమోనన్న భయంతో ట్రాకింగ్ బరువు (నీడిల్ గాడి మీద మోపే బరువు) తగ్గించేవాళ్లు మనలో చాలామంది. నేనూ చాలాకాలం అదే చేశాను. నిజానికి బరువు చాలకపోతే నీడిల్ గాడిలో కుదురుగా కూర్చోదు. గాడి గోడలకు తగిలి ఎగురుతూ వాటిని చెక్కేస్తుంది, ఆ నష్టం ఇక పూడదు. కార్ట్రిడ్జ్ అంటే నీడిల్ బిగించి ఉండే చిన్న డబ్బీ. ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్‌కు 1.8 గ్రాములు, డెనాన్ డీఎల్-103కి 2.5 గ్రాములు అని తయారీదారులే చెప్పారు. దాన్ని మోసే ఆర్మ్ మీది అంకెను నమ్మకుండా చిన్న డిజిటల్ త్రాసుతో తూచండి.

బరువు సరిగ్గా ఉండి కూడా చివరి పాటలోనే గీసుకుంటుంటే అది అలైన్‌మెంట్, అంటే కార్ట్రిడ్జ్ నిలిచిన కోణంలో లోపం. రికార్డు బయటి అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో నీడిల్ కింద నుంచి సాగుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంత కురచ జాగాలో అదే సంగీతం ఇమడాలి కాబట్టి కార్ట్రిడ్జ్ కాస్త వంకరగా ఉన్నా అక్కడే బయటపడుతుంది. ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల కాగితం) ప్రింట్ తీసుకుని, అందులోని రెండు బిందువుల దగ్గరా కార్ట్రిడ్జ్ గీతలకు సమాంతరంగా నిలిచేలా సర్దండి. ముందు ఆ ప్రింటును స్కేలుతో కొలవండి. ప్రింటర్ ఒక్క మిల్లీమీటరు కుదించినా పడిన శ్రమంతా వృథా.

ఇవన్నీ చేసినా మారకపోతే నీడిల్ అరిగింది, మార్చాల్సిందే.

గొంతు మధ్యలో నిలబడటం లేదు, బాస్ పలచగా ఉంది

కార్ట్రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్‌లో, దాని వెనక నాలుగు సన్నటి వైర్లుంటాయి. తెలుపు, నీలం ఎడమ ఛానల్‌కు, ఎరుపు, ఆకుపచ్చ కుడి ఛానల్‌కు. ఒక జతలో రెండూ తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మన పాత సినిమా రికార్డుల్లో ఎక్కువ మోనోవే కాబట్టి పరీక్ష ఇంట్లోనే ఉంది. మోనో పాటలో గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ నుంచి రావాలి. గదంతా చెదిరినట్టు వినిపిస్తే వైర్లు చూడండి.

గుయ్‌మని హమ్

కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మూవింగ్ మాగ్నెట్ రకంలో 5 దాకా, మూవింగ్ కాయిల్ రకంలో సాధారణంగా 1 కూడా ఉండదు. దాన్ని వందల రెట్లు పెంచుతున్నాం కాబట్టి హమ్ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఆర్మ్‌ను వేలితో తాకితే తగ్గుతోందా? గ్రౌండ్ వైర్ వదులైంది, ఫోనో స్టేజ్ (ఆ సిగ్నల్‌ను పెంచే పెట్టె) స్క్రూ కింద గట్టిగా బిగించండి. ఆర్మ్ లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతోందా? మోటారో, పక్కన పెట్టిన ట్రాన్స్‌ఫార్మరో కారణం. పక్కనున్నదాన్ని దూరం జరపండి. రెండూ కాకపోతే అన్నిటి ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టి చూడండి. పాత ఫ్లాట్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం వద్దు, అది ప్రాణాలకే ముప్పు.

నడిస్తే నీడిల్ గెంతుతోంది, బాస్ ఉబ్బిపోతోంది

మైలాపూర్‌లో ఒక మిత్రుడిది మద్రాస్ టెర్రస్ ఇల్లు, పైఅంతస్తు. కర్ర దూలాల మీద ఇటుకా సున్నంతో వేసిన నేల. అక్కడ లిన్ ఎల్‌పీ12 టర్న్‌టేబుల్ పెట్టారు. దాని లోపలి భాగం మూడు స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది కాబట్టి మనిషి నడిస్తే అదీ ఊగుతుంది. కొత్త స్టాండు కొనాలని చూస్తుంటే వద్దని, గోడకు షెల్ఫ్ కొట్టించాం. ఆ రోజు నుంచి గెంతలేదు.

బాస్ ఉబ్బితే స్పీకర్ల అదురు టేబుల్‌లోకి వస్తోందన్నమాట. మోటారు ఆపి, కదలని రికార్డు మీద నీడిల్ దించి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ బల్ల మీద వేలితో తట్టండి. ఆ చప్పుడు స్పీకర్లలో గట్టిగా వినిపిస్తే టేబుల్‌నీ స్పీకర్లనూ ఒకే బల్ల మీద ఉంచకూడదు.

టపటపలు

మన ఊరి ఉక్కకు రికార్డు మీద తెల్లటి బూజు పడుతుంది. ఆడిస్తే అదంతా గాడిలోకి దిగుతుంది, ముందు కడగాలి. డిస్టిల్డ్ వాటర్‌లో కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే తుడిచి, లేబుల్ తడవకుండా ఆరబెట్టండి. తాతల నాటి 78లకు (నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులకు) మాత్రం ఆల్కహాల్ చుక్క కూడా తగలనివ్వకండి. అవి లక్కవి, కరిగిపోతాయి. వాటి గాడి కూడా ఎల్‌పీ గాడికంటే చాలా వెడల్పు. ఎల్‌పీ నీడిల్ అడుగున దొర్లుతూ మట్టినే వినిపిస్తుంది. 78కి వేరే నీడిల్ పెట్టుకోండి.