కారు పెయింటు సంరక్షణ – 4వ పాఠం: వ్యాక్స్ ఎంచుకోవడం, పట్టించడం

పోయిన పాఠంలో క్లే బార్‌తో, అంటే పెయింటుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్దతో, బండి ఒంటి మీది గరుకు తీశాం. ఒకసారి పాలిథిన్ కవరులో చెయ్యి దూర్చి బానెట్ మీద నిమిరి చూడండి. గాజు మీద జారినట్టు జారితే సరే. ఇసుక తగిలినట్టుంటే 3వ పాఠం మళ్లీ చేసి రండి. ఆ గరుకు మీద వ్యాక్స్ పూస్తే మురికికి మూత పెట్టినట్టే అవుతుంది.

వ్యాక్స్ గీతల్ని పోగొట్టదు. అందులోని నూనెలు సన్న గీతల్లో నిండి కొన్నాళ్లు కనబడకుండా చేస్తాయి, అంతే. 'క్లీనర్ వ్యాక్స్' అని రాసి ఉన్న డబ్బా సంగతి వేరు. అందులో సన్నటి రాపిడి పొడి కలిసి ఉంటుంది కాబట్టి అది నిజంగానే పైపొరను అరగదీస్తుంది. రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం చాలా కార్లకు 35 నుంచి 50 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అరిగింది మళ్లీ రాదు. నెలనెలా వాడే సరుకు కాదది.

ఇక ఎంపిక. కార్నూబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే తాటి జాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. ఆకులు ఎండబెట్టి, కొట్టి, దులిపి తీస్తారు. రాయిలా గట్టిగా ఉంటుంది, 82–86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. అంత గట్టిది గుడ్డతో పూయడం కుదరదు గనుక సాల్వెంట్ (కరిగించే ద్రవం), నూనెలు, మెత్తటి మైనాలు కలిపి పేస్టు చేస్తారు. డబ్బా మీద 'నూరు శాతం కార్నూబా' అని కనిపిస్తే డబ్బా నిండా అదే ఉందని అనుకోకండి. పేస్టు అయ్యాక అసలు మైనానికున్న వేడి తట్టుకునే గుణం కూడా తగ్గిపోతుంది. అందుకే మే నెలలో విజయవాడ ఎండలో నిలబడే బండి మీద అది నెలా నెలన్నరకు మించి నిలవదు.

సీలెంట్ అంటే కృత్రిమ పాలిమర్లతో చేసింది. నాలుగైదు నెలలు ఉంటుంది. మెరుపు కాస్త గాజు మెరుపులా ఉంటుంది, కార్నూబా ఇచ్చే తడి నిగనిగ రాదు. తెలుపు, సిల్వర్ బళ్ల మీద ఆ తేడా కనిపించనే కనిపించదు. కాబట్టి ఆరుబయట ఉండే బండికి, లేత రంగు బండికి సీలెంట్ తీసుకోండి. షెడ్డులో ఉండే నలుపు, ముదురు ఎరుపు బండికి కార్నూబా ముచ్చటగా ఉంటుంది. రెండూ కావాలంటే ముందు సీలెంట్, మర్నాడు దాని మీద కార్నూబా. తలకిందులు చేస్తే సీలెంట్ నూనె మీద పట్టు దొరక్క ఊడిపోతుంది.

మ్యాట్ (మెరుపు లేని) పెయింటుకు మామూలు వ్యాక్స్ వద్దు, మచ్చలుగా మెరిసి అసహ్యంగా తయారవుతుంది. మెకానిక్ షెడ్డులో కొత్తగా పెయింటు వేయించిన భాగానికి 60 నుంచి 90 రోజులు ఆగాలి, లోపలి సాల్వెంట్ బయటికి పోవాలి. ఫ్యాక్టరీలో దాదాపు 140 డిగ్రీల దగ్గర కాల్చిన పెయింటుకు ఈ ఆగడం అక్కర్లేదు.

పని ఉదయం పూట, నీడలో. అరచెయ్యి వెనక భాగం బానెట్‌కు ఆనిస్తే చల్లగా తగలాలి. బండి కడిగి, అద్దాల చుట్టూ, డోరు హ్యాండిళ్ల కింద దాక్కున్న నీళ్లు కూడా తుడవండి. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగుల మీద మాస్కింగ్ టేపు అంటించండి. ఇది బద్ధకించే పనే, కానీ వ్యాక్స్ ఎండి తెల్లబడ్డ ప్లాస్టిక్‌ను శుభ్రం చేయడానికి దీనికి నాలుగింతలు సమయం పడుతుంది.

ఫోమ్ అప్లికేటర్‌ను (వ్యాక్స్ పూసే స్పాంజి బిళ్లను) డబ్బాలో ఒక్కసారి తిప్పితే సగం డోరుకు సరిపోతుంది. మామూలు కారు మొత్తానికి పేస్టు 15–20 గ్రాములు, ద్రవమైతే 30–40 మిల్లీలీటర్లు చాలు. పూత పెయింటు మీద ఉందో లేదో అన్నంత పలచగా ఉండాలి. ఎదురుగా చూస్తే కనబడకూడదు, వంగి ఏటవాలుగా చూస్తే లేత మసక కనబడాలి. దట్టంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందని చాలామంది నమ్మకం. పెయింటుకు అంటుకునేది పలచటి పొర మాత్రమే, మిగిలిందంతా మీ గుడ్డలోకే పోతుంది.

బండి మొత్తం ఒకేసారి పూయకండి. బానెట్ సగం, తర్వాత మిగతా సగం, ఇలా చిన్న చిన్న భాగాలుగా చేయండి. కార్నూబా అయితే 5–10 నిమిషాల తర్వాత వేలితో ఒక గీత గీయండి. గీత శుభ్రంగా వస్తే తుడవచ్చు, అలికినట్టయితే ఇంకా ఆగాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ ఆగడం రెట్టింపు అవుతుంది. సీలెంట్లకు డబ్బా మీద రాసిన సమయమే ప్రమాణం. తుడవడానికి పొడవు పోగుల మైక్రోఫైబర్ గుడ్డలు రెండు కావాలి. మొదటిది పొర తీయడానికి, రెండోది నిగనిగలాడించడానికి. గుడ్డ కింద పడిందా, ఇక దాన్ని టైర్లకు వాడుకోండి. ఒక్క ఇసుక రేణువు చాలు, సున్నాలు చుట్టినట్టు గీతలు పడతాయి.

తుడిచినా వదలని గట్టి మచ్చలుంటే ఎండలో పూశారన్నమాట. అదే వ్యాక్స్ కొద్దిగా దాని మీదే పూసి వెంటనే తుడిస్తే పాతది మెత్తబడి వచ్చేస్తుంది. మర్నాటికి నూనె చారలు తేలితే పూత దట్టమైంది. తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. నీటి చుక్కల చుట్టూ తెల్ల వలయాలు మాత్రం వ్యాక్స్ తప్పు కాదు, బోరు నీళ్లలోని సున్నం అది. వ్యాక్స్ దాన్ని ఆపలేదు, కడగ్గానే తుడవడమే మందు.

మెరుపు కోసం డీజిలు గుడ్డతో తుడిచే అలవాటు మానండి. దుమ్ము పట్టే జిడ్డు మిగులుతుంది, రబ్బరు ఉబ్బుతుంది. దసరాకు బండి పూజ చేసేవారు మూడు నాలుగు రోజుల ముందే వ్యాక్స్ ముగించుకుంటే పసుపు కుంకుమ బొట్లు పెయింటుకు నేరుగా అంటవు, తేలిగ్గా కడిగేయవచ్చు.

అభ్యాసం: డిక్కీ తలుపును టేపుతో రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క ఈ పాఠంలో చెప్పినంత పలచగా, కుడి పక్క మీకు తోచినంత దట్టంగా పూయండి. రెండింటినీ తుడవడానికి పట్టిన సమయం రాసుకోండి. వారం వారం షాంపూతో కడిగి, ఒక మగ్గు నీళ్లు పోసి, చుక్కలు ఏ పక్క గుండ్రంగా నిలుస్తున్నాయో గమనించండి. కడగకుండా చూస్తే దుమ్ము వల్ల చుక్కలు చదునుగా పరుచుకుంటాయి, వ్యాక్స్ పోయిందని పొరపడతారు. ఆ రాతలు దగ్గర పెట్టుకుని 5వ పాఠానికి రండి, అందులో రెండో పూత ఎప్పుడు వేయాలో చూద్దాం.