మంచులో ఐఎల్ఎస్ అప్రోచ్: మినిమమ్స్ దగ్గరికొచ్చి ఆలోచించొద్దు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లోళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) దగ్గరికొచ్చేసరికి అడిగేది ఇదే, ఐఎల్ఎస్‌లో, అంటే రన్‌వే దగ్గర్నుంచొచ్చే రేడియో సిగ్నల్ పట్టుకోని దిగేటప్పుడు, మినిమమ్స్‌లో (రన్‌వే కనపడకుండా దిగగలిగిన ఆఖరి ఎత్తు) కూడా రన్‌వే కనపడకపోతే ఎట్టా అన్నా అని. గోఅరౌండే తమ్ముడూ, అంటే దిగకుండా మళ్ళీ పైకెక్కిపోవడమే, అది ముందే అనుకోని దిగాల, రన్‌వే కనపడితేనే ఆ నిర్ణయం మార్చుకోవాల.

చెన్నైనే తీసుకో, భోగి తెల్లారుజామున మంటల పొగా మంచూ కలిసి ఫ్లైట్లు మళ్ళించిన ఏళ్ళున్నాయి. ఆల్టర్నేట్‌గా (దిగలేకపోతే పోయే ఇంకో ఎయిర్‌పోర్టు) తిరుపతి దగ్గరేగా అని రాసేసుకోకు, అక్కడా అదే మంచు ఉండొచ్చు, రెండు చోట్ల మెటార్ (ఇప్పటి వాతావరణం), టాఫ్ (రాబోయే గంటల అంచనా) చదువు.

బ్రీఫింగ్ మనసులో కాదు, పైకి చెప్పు: లోకలైజర్ (రన్‌వే మధ్యగీతకి నడిపించే సిగ్నల్) ఫ్రీక్వెన్సీ, కోర్సు, డెసిషన్ ఆల్టిట్యూడ్ (డీఏ, దిగాలా ఎక్కాలా తేల్చుకునే ఎత్తు), మిస్డ్ అప్రోచ్‌లో (గోఅరౌండ్ చేసినాక పోయే దారి) ముందు ఎటు తిరగాల, ఎంత ఎత్తుకి ఎక్కాల. ఐడెంట్, అంటే ఆ సిగ్నల్ ఎవరిదో చెప్పే మోర్స్ కోడ్, చెవితో విను. కేటగిరీ వన్‌లో (మామూలు ఐఎల్ఎస్) డెసిషన్ హైట్, అంటే నేల నుంచి కొలిచిన ఆ ఎత్తు, 200 అడుగులకీ, ఆర్‌వీఆర్ (రన్‌వే మీద చూపు ఆనే దూరం) 550 మీటర్లకీ తగ్గదు, నీ చార్టులో అంతకంటే ఎక్కువుంటే అదే నీ లెక్క. 1000 అడుగులకి రాకముందే ఆర్‌వీఆర్ మినిమా కంటే పడిపోయిందంటే ఇంక కిందికి దిగకూడదు.

గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు చూపే సిగ్నల్) 3 డిగ్రీలైతే గ్రౌండ్ స్పీడ్‌ని 5తో గుణించు, 90 నాట్లకి నిమిషానికి 450 అడుగులు. ఎయిర్‌స్పీడ్ 90 పెట్టినా నిమిషానికి 550 దిగితేగానీ గ్లైడ్‌స్లోప్ సూది నిలవట్లేదంటే వెనక గాలి తోస్తా ఉందని.

అన్నిటికంటే మోసం చేసేది పల్చటి మంచు. పెన్నా పక్కన వరిమళ్ళ మీద చలికాలం పొద్దున్నే పరుచుకుంటదే, మిద్దె మీద నుంచి కింద రోడ్డు కనపడుద్ది, ఆ రోడ్డు మీదికి దిగితే ఎదురొచ్చే లారీ కనపడదు. రన్‌వే దగ్గరా అంతే, 500 అడుగుల్లో లైట్లు శుభ్రంగా కనపడతాయి, ఎందుకంటే పైనుంచి ఆ పొర మందం వరకే చూస్తన్నావు, దిగేకొద్దీ చూపు అదే పొరలో ఏటవాలుగా చాలా దూరం పోవాల, 150 దగ్గరికొచ్చేసరికి అంతా తెల్లగా అయిపోద్ది. అందుకే లైట్లు కనపడ్డాయని ముక్కు కిందికి నెట్టొద్దు, గ్లైడ్‌స్లోప్ వదలొద్దు. డీఏ దాటినాక కనపడింది మాయమైనా గోఅరౌండే.

పవర్ ఫుల్, ముక్కు పైకి, ఆల్టిమీటరూ వీఎస్‌ఐ (ఎక్కే, దిగే వేగం చూపే మీటరు) రెండూ ఎక్కుతున్నట్టు చూపించినాకే గేర్ (చక్రాలు) పైకి, ఫ్లాప్ మెల్లగా, టవర్‌తో మాటలు ఆ తర్వాత. ఇక్కడ ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో, పవర్ పెంచగానే వచ్చే తోపుకి లోచెవి మోసపోయి ముక్కు మరీ లేచిపోయినట్టు అనిపిస్తది, చెయ్యి దానంతటదే ముందుకి నెట్టబోద్ది, నేల దగ్గర్లో ఉన్నప్పుడు అట్టా నెట్టి పోయిన ప్రాణాలున్నాయి. కళ్ళు అటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు, రెక్కల వాలు చూపే మీటరు) మీదే ఉండాల.

రెండో అప్రోచ్ అడిగే ముందు రెండు చూడు, ఆర్‌వీఆర్ నిజంగా పెరుగుతోందా, ఆల్టర్నేట్ దాకా పోయినా పిస్టన్ ఇంజనుకి 45 నిమిషాల ఫైనల్ రిజర్వ్ ఇంధనం ముట్టుకోకుండా మిగులుద్దా. ఏ ఒక్కటి కాదన్నా ఏటీసీని డైవర్షన్ అడుగు.