కొత్త డిఫెన్స్ స్కీమ్‌కి తగ్గట్టు ఎన్‌ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ ప్లాన్ వేయడం ఎలా?

జనవరిలో ఒక జట్టు తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని (ఎదుటి జట్టు దాడిని అడ్డుకునే డిఫెన్స్‌ని నడిపే కోచ్‌ని) సాగనంపుతుంది అనుకోండి. కొద్ది రోజుల్లోనే కొత్తాయన వస్తాడు, వెంట కొత్త స్కీమ్ (డిఫెన్స్‌లో ఎవరు ఎక్కడ నిలబడి ఏ పని చేయాలన్న పద్ధతి) తెస్తాడు. డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో. ఈలోపు అభిమానులు చేసే పని దాదాపు ఒకటే: కొత్త స్కీమ్‌లో ఏయే స్థానాలున్నాయో చూడటం, ఒక్కో స్థానం ఎదురుగా ఒక్కో కాలేజీ కుర్రాడి పేరు రాసేయడం. చూడ్డానికి బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే, నిజమైన జట్లు కూడా ఇలాగే ఆలోచించి దెబ్బతిన్న సందర్భాలున్నాయి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ, ఆఫీసువాళ్ల పుణ్యమా అని ఈ మధ్యే అమెరికన్ ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టినవాళ్లకు ఒక్క మాట. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం కాదు, కాలేజీ కుర్రాళ్లని ఎన్‌ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్‌లో అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుది మొదటి వంతు, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టుది చివరి వంతు. ఎక్కువ డబ్బు పెడతామన్నా ఎవరూ వినరు. ముందు వంతు కావాలంటే మీ దగ్గరున్న పిక్‌లు (ఎంపిక వంతులు) ఇచ్చి వేరే జట్టు పిక్ తెచ్చుకోవాలి. అందుకే ఏ అవసరాన్ని ఏ పిక్‌తో తీర్చుకోవాలన్నదే అసలు లెక్క.

1. స్కీమ్ పేరు పక్కన పెట్టి పనులు రాసుకోండి

గ్రీన్ బే ప్యాకర్స్ 2008లో 6 మ్యాచ్‌లు గెలిచి 10 ఓడింది. 2009 జనవరిలో డామ్ కేపర్స్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. అప్పటిదాకా ఆడిన 4-3 పోయి 3-4 వచ్చింది. మొదటి అంకె ముందు వరసలోని బరువైన లైన్‌మెన్‌ది, రెండోది వాళ్ల వెనకుండే లైన్‌బ్యాకర్లది. ఎలా చూసినా ఏడుగురే కదా, ఒకణ్ణి తీసి ఒకణ్ణి పెడితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. 4-3లో లైన్‌మన్‌కి సాధారణంగా ఎదుటి ఆటగాళ్ల మధ్య ఒకే సందు అప్పజెబుతారు, అందులోంచి దూసుకెళ్లడమే అతని పని. కేపర్స్ ఆడించే 3-4లో మధ్యనుండే నోస్ టాకిల్ ఎదుటి సెంటర్‌ని (బంతిని వెనక్కి అందించే మధ్య ఆటగాణ్ణి) ఢీకొని, అతనికి రెండు పక్కలా ఉన్న సందుల్నీ కాయాలి. క్వార్టర్‌బ్యాక్ (ఎదుటి జట్టులో బంతి విసిరేవాడు) మీదికి వెళ్లే పనిలో ఎక్కువ భాగం బయటి లైన్‌బ్యాకర్లకి పోతుంది. వాళ్లే ఒక్కోసారి వెనక్కి తగ్గి పాస్‌ని అడ్డుకోవాలి.

కాబట్టి కాగితం మీద ‘నోస్ టాకిల్’ అని రాయకండి. ‘ఇద్దరు మీదపడినా చోటు వదలనివాడు’ అని రాయండి. ‘అంచు నుంచి దూసుకెళ్లగలిగి, వెనక్కీ పరుగెత్తగలిగేవాడు’ అని రాయండి. ఇలా రాసుకుంటే మీ జట్టులో ఆ పని చేయగలవాళ్లు ఉన్నారా లేదా అన్నది తేలిగ్గా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. టీవీలో 4-3, 3-4 అని ఎంత చెప్పినా, ఇప్పుడు జట్లు సగానికి పైగా ప్లేలలో ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్స్‌తో (వెనక నిలబడి పాస్‌లని అడ్డుకునేవాళ్లతో), అంటే నికెల్ అమరికలో ఆడుతున్నాయి. మూడో కార్నర్‌బ్యాక్ (పాస్‌లు పట్టే రిసీవర్లని కాసేవాడు) పేరుకే మూడోవాడు, నిజానికి రోజూ ఆడేవాడు. మీ జాబితాలో అతని పని పైన ఉండాలి.

2. ఉన్నవాళ్లని మూడు వరసలు చేయండి

డ్రాఫ్ట్ గురించి ఆలోచించే ముందు ఈ పని చేయాలి. చాలామంది దీన్ని దాటేస్తారు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను. మూడు వరసలు: ఉన్నచోటే సరిపోయేవాళ్లు, చోటు మారాల్సినవాళ్లు, ఇక ఇమడనివాళ్లు.

మొదటి వరస గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. 2009 ప్యాకర్స్‌లో ర్యాన్ పికెట్ అప్పటికే భారీ మనిషి, నోస్ టాకిల్‌గా నిలబడగలడు. చార్లెస్ వుడ్‌సన్‌ని ఎక్కడ పెట్టినా ఆడతాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడి అవార్డు అతనిదే.

టెన్షన్ అంతా రెండో వరసతోనే. ఆరన్ క్యాంప్‌మన్ 4-3లో డిఫెన్సివ్ ఎండ్ (ముందు వరసలో చివర నిలబడే లైన్‌మన్). 2006లో 15.5 సాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), 2007లో 12. కొత్త స్కీమ్‌లో అతన్ని బయటి లైన్‌బ్యాకర్‌గా నిలబెట్టారు. 2009లో 3.5 సాక్‌ల దగ్గర ఉండగా నవంబర్‌లో మోకాలు దెబ్బతిని సీజన్ ముగిసింది, తర్వాతి ఏడాది జాక్సన్‌విల్‌కి వెళ్లిపోయాడు. అతని ఆట పాడవలేదు, అతను చేసే పనే జట్టులో లేకుండా పోయింది. అలాగని ప్రతి మార్పూ బెడిసికొడుతుందని కాదు. 2011లో వేడ్ ఫిలిప్స్ హ్యూస్టన్ టెక్సన్స్‌కి 3-4 తెచ్చినప్పుడు, 2006 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్ అయిన మారియో విలియమ్స్ కూడా ఇలాగే చోటు మారాడు. 5 మ్యాచ్‌ల్లో 5 సాక్‌లు చేశాడు. తర్వాత ఛాతీ కండరం తెగి ఆ సీజన్‌కి దూరమయ్యాడు.

రెండు జట్లూ ఒక జాగ్రత్త తీసుకున్నాయి, మీ ప్లాన్‌లోకి దాన్ని అచ్చంగా ఎత్తి రాసుకోవచ్చు. చోటు మారిన ఆటగాడి వెనక అదే డ్రాఫ్ట్‌లో ఇంకొకర్ని తెచ్చిపెట్టాయి. హ్యూస్టన్ రెండో రౌండ్‌లో తీసుకున్న బ్రూక్స్ రీడ్, విలియమ్స్ పడిపోయాక ఆ చోట్లో ఆడి 6 సాక్‌లు చేశాడు. గ్రీన్ బేలో క్యాంప్‌మన్ బదులు దిగినవాడు ఏడో రౌండ్ రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) బ్రాడ్ జోన్స్. చోటు మార్చడమంటే పందెం కాయడమే. ఆ పందెం పక్కన ఒక పిక్ కాపలా ఉండాలి.

మూడో వరసలో పేర్లు రాయడానికి మొహమాటపడకండి. వాషింగ్టన్ 2009లో ఆల్బర్ట్ హేన్స్‌వర్త్‌కి ఏడేళ్లకు 100 మిలియన్ డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. 2010లో మైక్ షానహన్ కోచ్‌గా వచ్చి 3-4కి మార్చాడు. అందులో తనకిచ్చిన పని హేన్స్‌వర్త్‌కి నచ్చలేదు. ఏడాదంతా గొడవే, చివరి 4 మ్యాచ్‌లకు జట్టే అతన్ని సస్పెండ్ చేసింది. ఎంత డబ్బు పోశామన్నది చూసి మనిషిని ఉన్నచోటే ఉంచితే ఇలాంటి ఏడాది తప్పదు.

3. మార్చిలో ఏం కొంటారో ముందే తేల్చుకోండి

డ్రాఫ్ట్ కంటే ముందే, మార్చిలో, ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్లని జట్లు తెచ్చుకునే సమయం) వస్తుంది. తక్కువ ధరకి దొరికే అనుభవజ్ఞులతో పూడ్చగల ఖాళీలని అక్కడే పూడ్చేయాలి. 2024లో విక్ ఫాంజియో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి కోఆర్డినేటర్‌గా వచ్చాడు. న్యూ ఆర్లీన్స్‌లో ఎక్కువగా స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే సందర్భాల్లో దిగే బృందాల్లో), అంచు రషర్‌గా ఆడిన జాక్ బాన్‌ని ఒక్క ఏడాది చిన్న కాంట్రాక్ట్‌తో తెచ్చి, లోపలి లైన్‌బ్యాకర్‌గా మార్చారు. ఆ సీజన్‌లోనే అతను ఆల్-ప్రో, అంటే లీగ్ ఉత్తమ ఆటగాళ్ల జట్టులో ఒకడు. లోపలి లైన్‌బ్యాకర్ కోసం పెద్ద పిక్ ఖర్చు పెట్టాల్సిన పని తప్పింది.

4. మీరు వెతికేవాణ్ణే ఇంకెవరు వెతుకుతున్నారో చూడండి

2009లో 3-4కి మారింది గ్రీన్ బే ఒక్కటే కాదు. డెన్వర్, కాన్సస్ సిటీ కూడా అదే ఏడాది మారాయి. ఒకే రకం ఆటగాడి కోసం కొత్తగా మూడు జట్లు, పాతవి మరికొన్ని. ఇలాంటప్పుడు ‘రెండో రౌండ్ దాకా ఉంటాడులే’ అనుకున్నవాడు ఉండడు. మీకంటే ముందు వంతున్న జట్ల కోచ్‌లెవరు, వాళ్లు ఏం ఆడతారు అన్నది పక్కనే రాసుకోండి. పది నిమిషాల పని.

5. పెద్ద పిక్‌ని స్కీమ్ కోసం మాత్రమే ఖర్చు చేయకండి

నా మటుకు నాకు ఈ వ్యవహారమంతటిలో ముఖ్యమైన మాట ఇదే. మొదటి రౌండ్‌లో తీసుకునేవాడు ఏ స్కీమ్‌లో పెట్టినా ఆడేలా ఉండాలి. సమానంగా ఉన్న ఇద్దరిలో ఎవరన్నది తేల్చుకోవడానికే స్కీమ్‌ని వాడాలి. తక్కువవాణ్ణి పైకి లేపడానికి కాదు.

2009లో కాన్సస్ సిటీ మూడో పిక్‌తో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) డిఫెన్సివ్ ఎండ్ టైసన్ జాక్సన్‌ని తీసుకుంది. 3-4లో బరువు మోసే ఎండ్ కావాలి, అతని ఒడ్డూ పొడుగూ అందుకు సరిగ్గా సరిపోయాయి. మొదటి సీజన్‌లో ఒక్క సాక్ కూడా రాలేదు. ఆ పని చేసే ఎండ్‌కి సాక్‌లు తక్కువే వస్తాయి, నిజమే. కానీ సాక్‌లు రాని పనికి మూడో పిక్ ఎందుకన్నది అక్కడే అడగాల్సిన ప్రశ్న. తర్వాత కూడా అతనికి ఆ స్థానానికి తగ్గ పేరు రాలేదు.

గ్రీన్ బే వంతు తొమ్మిదోది. వైడ్ రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు) మైకేల్ క్రాబ్‌ట్రీని అప్పటికింకా ఎవరూ తీసుకోలేదు. జనరల్ మేనేజర్ టెడ్ థాంప్సన్ మాత్రం బోస్టన్ కాలేజీ నుంచి బీజే రాజీని తీసుకున్నాడు. దాదాపు 150 కిలోల మనిషి, అయినా అడుగులు చురుకు. 4-3 జట్టైనా సంతోషంగా తీసుకునేవాడే. మొదటి ఏడాది పికెట్ ఉండటంతో రాజీ మీద భారం పడలేదు. 2010లో నోస్ టాకిల్‌గా కుదురుకుని 6.5 సాక్‌లు చేశాడు, ఆ స్థానంలో అది చాలా ఎక్కువ.

హ్యూస్టన్ 2011లో 11వ పిక్‌తో జేజే వాట్‌ని తీసుకున్నప్పుడు అభిమానులు గేలి చేశారు. మరుసటి ఏడాది అతను 20.5 సాక్‌లు చేశాడు.

6. పైకి ట్రేడ్ అవ్వాలంటే లెక్క వేసి, తర్వాత లెక్కని కొంచెం మరిచిపోండి

ప్రతి పిక్‌కి ఎన్ని పాయింట్లో చెప్పే చార్ట్ ఒకటుంది, 1990ల నాటి డాలస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ పేరుతో ప్రసిద్ధం. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, అక్కణ్ణుంచి దిగుతూ వస్తుంది. రాజీని తీసుకున్న రోజే థాంప్సన్ న్యూ ఇంగ్లాండ్‌తో ట్రేడ్ చేసుకున్నాడు. 41, 73, 83 పిక్‌లు ఇచ్చి 26, 162 పిక్‌లు తెచ్చుకున్నాడు. ఆ 26తో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) లైన్‌బ్యాకర్ క్లే మాథ్యూస్‌ని తీసుకున్నాడు.

చార్ట్ ప్రకారం చూడండి. ఇచ్చినవి 490, 225, 175, మొత్తం 890. వచ్చినవి 700, ఇంకో 27 దాకా. నూటఅరవైకి పైగా పాయింట్లు ఎదురిచ్చినట్టే. పైగా థాంప్సన్ మామూలుగా కిందికి ట్రేడ్ అయి పిక్‌లు పోగేసే రకం. మరెందుకు ఇచ్చాడు? అంచు నుంచి దూసుకెళ్లేవాడు లేకపోతే 3-4 నడవదు, క్యాంప్‌మన్ ఆ పనికి కుదురుతాడన్న నమ్మకం లేదు, అదే మనిషి కోసం చూసే జట్లు చుట్టూ ఉన్నాయి. పై నాలుగు దశల్లో రాసుకున్న కాగితాలన్నీ ఒకే పేరు చూపిస్తుంటే, ఆ ఒక్కసారికి చార్ట్‌కంటే ఎక్కువ ఇవ్వొచ్చు. ఒకే డ్రాఫ్ట్‌లో రెండోసారి మాత్రం వద్దు. మాథ్యూస్ మొదటి ఏడాది 10 సాక్‌లు, రెండో ఏడాది 13.5 చేశాడు. 2009లో ప్యాకర్స్ 11 మ్యాచ్‌లు గెలిచింది, ఎదుటివాళ్లు బంతితో పరుగెత్తే ఆటలో లీగ్‌లో అందరికంటే తక్కువ గజాలు ఇచ్చిన డిఫెన్స్ అదే. ఆ తర్వాతి సీజన్‌లో పిట్స్‌బర్గ్‌ని 31-25తో ఓడించి సూపర్ బౌల్ గెలిచింది.

7. మీ స్కీమ్‌కి మాత్రమే పనికొచ్చేవాళ్లని చివరి రౌండ్లలో వెతకండి

మిగతా జట్లు వంకపెట్టే లక్షణం మీ స్కీమ్‌లో బలమైతే, అతను మీకు చవగ్గా దొరుకుతాడు. సియాటిల్‌లో పీట్ క్యారల్ పొడవాటి, చేతులు పొడుగున్న కార్నర్‌బ్యాక్‌లని రిసీవర్ ఎదురుగా నిలబెట్టి అడ్డుకునేలా ఆడించేవాడు. ఆరడుగుల మూడంగుళాల రిచర్డ్ షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో మొదట రిసీవర్, తర్వాత కార్నర్. 2011లో 154వ పిక్ దాకా అతన్ని ఎవరూ ముట్టుకోలేదు. సేఫ్టీ (అందరికంటే వెనకుండి కాసేవాడు) క్యామ్ చాన్సలర్ కూడా అంతకు ముందు ఏడాది ఐదో రౌండ్‌లోనే దొరికాడు. 2013 సీజన్ సూపర్ బౌల్‌లో డెన్వర్‌ని 43-8తో చిత్తు చేసిన డిఫెన్స్‌లో ఇద్దరూ ముఖ్యులే.

నాలుగో రౌండ్ తర్వాత మీ జాబితాలో అన్నీ వచ్చినవాళ్లని తీసేయండి, వాళ్లు ఎలాగూ మిగలరు. ఒక్క పని బాగా వచ్చి, ఆ పని మీ కోఆర్డినేటర్‌కి కావాల్సినవాళ్ల పేర్లే ఉంచండి.

8. కోచ్ వెళ్లిపోతే ఏమవుతుందో ఒక్కసారి అడగండి

డ్రాఫ్ట్ అయినవాళ్ల కాంట్రాక్ట్ నాలుగేళ్లు, మొదటి రౌండ్ వాళ్లకి ఐదో ఏడాది అవకాశం కూడా జట్టు చేతిలో ఉంటుంది. కోఆర్డినేటర్ అన్నాళ్లు ఉంటాడన్న భరోసా లేదు. కేపర్స్ 2017 దాకా ఉన్నాడు, అందరికీ అంత ఆయుష్షు ఉండదు. మొదటి మూడు రౌండ్ల పేర్ల పక్కన ‘పాత స్కీమ్ తిరిగొస్తే ఇతను ఆడతాడా?’ అని రాసి, కాదు అన్న జవాబు ఒకటి మించకుండా చూసుకోండి.

9. ఏడో రౌండ్ అయ్యాక ఫోన్ పట్టుకోండి

చివరి పిక్ అయ్యీ అవకముందే, ఎవరూ తీసుకోని ఆటగాళ్లకి జట్లు ఫోన్లు మొదలుపెడతాయి. ఇక్కడ వంతుల్లేవు, ఆటగాడే జట్టుని ఎంచుకుంటాడు. కొత్త స్కీమ్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే ‘మా దగ్గర ఈ పని చేసేవాళ్లు తక్కువ, నీకు చోటు దొరుకుతుంది’ అని నిజాయితీగా చెప్పగలరు. 2010లో గ్రీన్ బే ఇలాగే మయామీ యూనివర్సిటీ నుంచి శామ్ షీల్డ్స్‌ని తెచ్చింది. కాలేజీలో ఎక్కువ కాలం రిసీవర్‌గా ఆడి చివర్లో కార్నర్‌గా మారినవాడు. నికెల్ అమరికలో మూడో కార్నర్‌గా ఆడుతూ, ఆ సీజన్ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) చికాగో విసిరిన రెండు పాస్‌లు పట్టుకున్నాడు. రెండోది మ్యాచ్‌ని ముగించింది. కాబట్టి మీ కాగితం మీద ఏడు పిక్‌లతో ఆగకుండా, కింద ఇంకో పది పేర్లకి చోటు వదలండి.