చెవి మిషన్ పొద్దున పలికి మధ్యాహ్నానికి ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

నెల్లూరులో చెవి మిషన్లు అమర్చడం, బాగుచేయడం నా పని. మిషన్ పెట్టుకోవడం, తీయడం, సెల్లు మార్చడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. కావలి నుంచో పొదలకూరు నుంచో బస్సెక్కి "మిషన్ చెడిపోయింది" అని వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లోనే చేసుకోగల ఒక చిన్న పరీక్ష చేయకుండా వస్తారు. ఎంత చెప్పినా దాన్ని వదిలేస్తూనే ఉన్నారు. అందుకే ముందు అదే చెబుతాను.

ముందు గుప్పిట్లో పెట్టి చూడండి

చెవి వెనక పెట్టుకునే మిషన్ అయితే, మోల్డు (చెవి రంధ్రంలో కూర్చునే అచ్చు) ట్యూబును మిషన్ హుక్కు దగ్గర మెల్లగా లాగి విడదీయండి. మిషన్ ఆన్ చేసి, సౌండు పెంచి, గుప్పిట్లో మూయండి. కీచుమని ఈల వస్తే మిషన్, సెల్లు రెండూ బాగున్నట్టే. తేడా ట్యూబులోనో మోల్డులోనో ఉంది. ఈల రాకపోతే కొత్త సెల్లు వేసి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే మిషన్‌ను అనుమానించండి. కొన్ని కొత్త డిజిటల్ మిషన్లు ఈలను వాటంతటవే అణచేస్తాయి. అలాంటిదైతే సౌండు బాగా తగ్గించి, చక్కగా వినపడే మనిషి ఒకరు హుక్కు దగ్గర చెవి ఉంచి వింటే తెలిసిపోతుంది.

అసలు శబ్దమే లేదు

ఎక్కువసార్లు సెల్లే. 675 సెల్లుకు నీలం స్టిక్కరు, 13కి నారింజ, 312కి గోధుమ రంగు, 10కి పసుపు ఉంటుంది. మెడికల్ షాపులో రంగు చెప్పి అడిగితే పొరపాటు జరగదు. ఇవి గాలి తగిలితే పనిచేసే సెల్లులు. స్టిక్కరు పీకి ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచి వేయండి. ఒకసారి స్టిక్కరు తీశాక మళ్లీ అంటించినా సెల్లు ఖర్చవుతూనే ఉంటుంది.

పాత మోడళ్లలో ఎమ్ (మైకు), టి (టెలిఫోను), ఓ (ఆఫ్) అనే స్విచ్ ఉంటుంది. అది టి మీదికి జరిగితే మాట వినపడదు, ఉంటే గింటే జుమ్మనే మోత ఒకటే. ఎమ్ మీదికి జరపండి. చొక్కా జేబులో పెట్టుకునే మిషన్ అయితే వైరు తెగిందేమో చూడండి. అన్నిటికంటే అది తెగడమే ఎక్కువ.

ఈల ఆగడం లేదు

మోల్డు చెవిలో సరిగా కూర్చోలేదు, లేదా చెవిలో గులిమి నిండింది, లేదా ట్యూబు పసుపెక్కి గట్టిపడి చీలింది. మనిషి బాగా చిక్కిపోయినా మోల్డు వదులవుతుంది. ట్యూబు మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్చాల్సిందే. రెడీమేడ్ టిప్పుతో వచ్చిన మిషన్ అయితే చెవికి కొలత తీయించి మోల్డు చేయించుకోండి. గులిమి మాత్రం ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరే తీయించండి. పిన్నీసులు, అగ్గిపుల్లలు, కాచిన నూనె వద్దు. కర్ణభేరికి చిల్లు ఉన్నట్టు మీకు తెలియకపోవచ్చు. అక్కడ నూనె పోస్తే ఏమవుతుందో నేను చూశాను.

పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ పలుకుతుంది

అందరినీ మోసం చేసేది ఇదే. వాడేవాళ్లనీ, ఇంట్లోవాళ్లనీ, మాలాంటివాళ్లనీ, చివరికి కంపెనీ సర్వీసు సెంటర్లనీ. వందలో తొంభై మంది సెల్లు వీక్ అనుకుంటారు. అసలు కారణం ట్యూబులో నీటిచుక్క.

చెవి లోపల వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. ఆ చెమ్మ గాలి మోల్డు రంధ్రంలోంచి ట్యూబులోకి ఎక్కుతుంది. ట్యూబేమో చెవి బయట, ఫ్యాను గాలికో ఏసీకో చల్లగా ఉంటుంది. లోపలి ఆవిరి అక్కడ నీరవుతుంది. గంటలు గడిచేకొద్దీ చిన్న చిన్న తుంపరలు కలిసి ఒక చుక్కై ట్యూబుకు అడ్డంగా నిలబడుతుంది. అంతే, శబ్దం ఆగిపోతుంది. రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆరిపోతుంది. పొద్దున మళ్లీ మామూలే.

మోసం ఎక్కడంటే, ఆగిపోగానే మనం చేసే పని సెల్లు మార్చడం. సెల్లు మార్చాలంటే మిషన్ తీయాలి. తీసేటప్పుడు ట్యూబు ఊగుతుంది, చుక్క పక్కకు జరుగుతుంది. పెట్టుకోగానే పలుకుతుంది. "చూశావా, సెల్లే" అని ఖాయం చేసుకుంటాం. మంచి సెల్లు చెత్తబుట్టలోకి పోతుంది. రెండు రోజులకు మళ్లీ అదే కథ. షాపుకు తెచ్చేలోపు దారిలో ఆరిపోతుంది కాబట్టి మా దగ్గర చక్కగా పలుకుతుంది. కంపెనీకి పంపితే వారాల తర్వాత "ఏ లోపమూ లేదు" అనే చీటీతో తిరిగి వస్తుంది. ఆ వారాలన్నీ ఆ మనిషికి చెవి లేనట్టే.

ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతును కోడలు తీసుకొచ్చింది. సంచిలో సగం సగం వాడిన సెల్లు అట్టలు. "మామా, అన్నానికి రాండి అంటే కూడా పలకడం లేదండీ, పొద్దస్తమానం అరుగు మీదే కూర్చుంటున్నాడు, మతిమరుపు మొదలైందేమో" అని ఆమె భయం. మతిమరుపు డాక్టరును కూడా అడిగి ఉంచుకున్నారు. మిషన్‌ను గుప్పిట్లో పెడితే ఈల గట్టిగా వచ్చింది. ట్యూబును లైటుకు ఎదురుగా పట్టుకుంటే వంపు దగ్గర పెసరగింజంత చుక్క. బ్లోయరుతో ఊదితే చుక్క మోల్డు చివర నుంచి ఆమె చేతిమీద పడింది. ఆయన మిషన్ పెట్టుకుని అడిగిన మొదటి మాట, పంపుసెట్టు మోటారు రిపేరుకు ఎంతయిందని. వారం రోజులుగా ఇంట్లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే ఆయనకు సగం సగం అందింది. ఎవరినీ మళ్లీ మళ్లీ అడగలేక ఊరుకున్నాడు. చుక్క తీశాక మతి గురించి ఎవరూ అనుమానపడలేదు.

మన సముద్రతీరంలో ఇది ఎక్కువ. మైపాడు, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు గాలిలోనే తేమ. ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ ఫిర్యాదు బాగా పెరుగుతుంది. ఎండాకాలంలో ఏసీ గదిలో ఎక్కువసేపు కూర్చునేవాళ్లకూ వస్తుంది. దివ్యాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వచ్చిన మిషన్ కానివ్వండి, లక్ష పోసి కొన్నది కానివ్వండి, చుక్క అడ్డం పడితే రెండూ ఒకటే.

చేయాల్సింది ఇది. ఆగిపోగానే సెల్లు జోలికి పోకుండా ట్యూబును లైటుకు ఎదురుగా చూడండి. చుక్క కనపడితే ట్యూబును హుక్కు నుంచి విడదీసి, రబ్బరు బ్లోయరుతో ట్యూబు వైపు నుంచి ఊదండి, నీరు మోల్డు వైపు నుంచి బయటికి పోవాలి. నోటితో ఊదితే ఊపిరిలో చెమ్మ మళ్లీ లోపలికే పోతుంది. మిషన్‌కు తగిలించి ఉండగా ఎప్పుడూ ఊదకండి, నీళ్లు నేరుగా మిషన్‌లోకి వెళ్తాయి. తిరిగి తగిలించేటప్పుడు మోల్డు ముందు ఎటు తిరిగి ఉందో అటే ఉండాలి. లేకపోతే చెవిలో పట్టదు.

రాత్రిపూట సెల్లు తీసి, సెల్లు తలుపు తెరిచి, మిషన్‌ను సిలికా జెల్ ఉన్న గట్టిమూత డబ్బాలో పెట్టండి. సెల్లు మాత్రం డబ్బాలో వద్దు, అది ఎండిపోతుంది. నీలం గింజలు గులాబీ రంగుకో, నారింజవి ఆకుపచ్చకో మారితే అవి ఇక తేమ పీల్చవు, మార్చండి. ఫోను తడిస్తే పెట్టినట్టు బియ్యం డబ్బాలో పెడుతున్నారు. అలా వద్దు, బియ్యం పొడి మైకు రంధ్రాల్లో చేరుతుంది. ఎండలో ఆరబెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం కూడా వద్దు. వారానికోసారి మోల్డును, ట్యూబును మాత్రం విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి రాత్రంతా ఆరనివ్వండి. ఇంత చేసినా చుక్క వస్తూనే ఉంటే, తేమ తక్కువగా పట్టే మందమైన ట్యూబు ఉంటుంది, అది వేయించుకోండి.

సన్నని వైరుతో స్పీకరు చెవిలోనే ఉండే మిషన్లకు ట్యూబు ఉండదు. వాటిలో ఇలా మూసుకుపోయేది స్పీకరు చివర గులిమిని ఆపే తెల్లటి వ్యాక్స్ ఫిల్టరు. ఆవగింజంత ఉంటుంది. గులిమి, చెమ్మ కలిసి దాన్ని మూసేస్తాయి. శబ్దం రోజురోజుకూ తగ్గుతుంటే మిషన్ తేడా అనుకునే ముందు ఫిల్టరు మార్చండి.

శబ్దం వస్తోంది, మాట తెలియడం లేదు

ముందు ఎడమ కుడి తారుమారు కాలేదని చూడండి. ఎరుపు గుర్తు కుడిచెవికి, నీలం ఎడమకు. తర్వాత మైకు రంధ్రాలు చూడండి, కొబ్బరినూనె, పౌడరు కలిసి అక్కడ పేరుకుంటాయి. మెత్తని బ్రష్‌తో పొడిగా తుడవండి.

రెండూ బాగుంటే కారణం ఎక్కువసార్లు లోపలి చెవిలోనో నరంలోనో ఉంటుంది. వయసుతో వచ్చే చెముడులోనూ, చీమకుర్తి గ్రానైటు క్వారీల్లాంటి చోట ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలోనూ ముందుగా పోయేది సన్నని శబ్దాలు. 'పాలు' అంటే 'కాలు' అనిపిస్తుంది. 'ఆ' వినపడుతుంది, దాని ముందున్న హల్లు జారిపోతుంది. అరిస్తే లాభం లేదు. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, నిదానంగా మాట్లాడాలి. టీవీ కట్టేయాలి. కొత్త మిషన్‌కు మెదడు అలవాటుపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. మొదటి వారంలోనే "మోతగా ఉంది" అని బీరువాలో పెట్టేయకండి. రోజూ కొంతసేపు పెంచుకుంటూ పోండి, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గరికి వెళ్లి సెట్టింగు మార్పించుకోండి.

బీరువాలో పెట్టిన మిషన్ వల్ల జరిగే నష్టం వినికిడితో ఆగదు. ఆ మనిషి పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు, ఫోను ఎత్తడు, నలుగురిలో ఊరికే నవ్వి ఊరుకుంటాడు. మధ్యవయసు నుంచి వచ్చే వినికిడి లోపాన్ని మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం సరిచేయగల కారణాల్లో ఒకటిగా లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ గుర్తించింది. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్లవాళ్ల మీద మూడేళ్లు జరిపిన ఒక పరీక్ష ఫలితం వచ్చింది. అందరినీ కలిపి చూస్తే తేడా కనపడలేదు. కానీ మతి తగ్గే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లలో, మిషన్ పెట్టి శిక్షణ ఇచ్చినవాళ్లకు ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. అది పెట్టుకున్న మిషన్ మాట.

మిగతావి

చెవిలో చీము కారుతుంటే మోల్డు పెట్టి మూయకండి, ముందు ఇ.ఎన్.టి. డాక్టరుకు చూపించండి. కర్ణభేరి చిల్లు, లోపలి చిన్న ఎముక బిగుసుకుపోవడం లాంటివాటికి ఆపరేషన్ ఉంది, అందరికీ మిషన్ ఒక్కటే దారి కాదు. శక్తివంతమైన మిషన్‌తోనూ మాట అందకపోతే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి అడగండి. మిషన్ లోపలి సర్క్యూట్ కాలిపోవడం చాలా అరుదు, దాని గురించి బెంగ వద్దు.

ఒకటి మాత్రం మిషన్ సంగతి కాదు. రాత్రి బాగా విన్న చెవి తెల్లారేసరికి దాదాపు వినపడకుండా పోతే గులిమి అనుకుని ఊరుకోవద్దు, అదే రోజు ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తుంది.

షాపుకు వచ్చేటప్పుడు మోల్డు, పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) కాగితం, వాడుతున్న సెల్లు అట్ట తీసుకురండి. మిషన్ ఏ సమయంలో ఆగుతుందో రెండు మూడు రోజులు చూసి రాసుకురండి. మిషన్ ఒక్కటే పంపించకుండా మనిషిని కూడా తీసుకురండి, చెవి చూడాలి కదా.